టిబెట్ తివాచీ: పడక మీంచి నేల మీదికి

నవంబరు చివరికొచ్చేసరికి విజయవాడలో, విశాఖలో, హైదరాబాద్‌లో రోడ్ల పక్కన టెంట్లు లేస్తాయి. స్వెట్టర్లు, మంకీ క్యాపులు, శాలువాలు. అమ్మేవాళ్లను మనలో చాలామంది ఇప్పటికీ "నేపాలీవాళ్లు" అనేస్తారు. వాళ్లలో టిబెటన్లు చాలామందే ఉంటారు. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక టెంటులో, మా నాన్నకి స్వెట్టరు కొంటూ, అమ్మే ఆవిడని నాకొచ్చిన హిందీలో అడిగాను, "దీదీ, ఇవి మీరే అల్లుతారా?" అని. ఆవిడ పకపకా నవ్వింది. "లూధియానా మాల్ భయ్యా. మా అమ్మ తివాచీలు నేసేది. నాకు ఒక్క ముడి కూడా రాదు," అంది.

ఊలుతో తరాల తరబడి బతికినవాళ్ల కూతురు లూధియానా మిల్లు సరుకు టోకున కొని మన రోడ్డు మీద అమ్ముతోంది. ఇంకోవైపు "టిబెటన్ కార్పెట్" అన్న పేరు మీద న్యూయార్క్, ఫ్రాంక్‌ఫర్ట్ షోరూముల్లో సరుకు నడుస్తూనే ఉంది. దాన్ని నేసేవాళ్లలో టిబెటన్లు కొద్దిమందే. ఇది ఎలా జరిగిందో చూడాలంటే ముందు ఒక అపోహ పక్కన పెట్టాలి. టిబెటన్ శరణార్థులు అనాదిగా వస్తున్న కులవృత్తిని మూటగట్టుకుని వచ్చి, ఇక్కడ దాన్నే కొనసాగించారని మనం అనుకుంటాం. జరిగింది అది కాదు.

పాత టిబెట్‌లో తివాచీ నేలకి సంబంధించిన వస్తువు కాదు. మంచానిది, గుర్రానిది. దాదాపు 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉండే ఖాదెన్ అనే తివాచీ పగలు కూర్చునే ఆసనం, రాత్రి పడక. గుర్రం జీను కిందా పైనా పరిచే తివాచీలు వేరు. మఠాల్లో స్తంభాల చుట్టూ చుట్టేవి వేరు, లామాలు వరసగా కూర్చునే పొడవాటి పట్టీలు వేరు. వాటి మీద చెప్పులతో నడవడం ఎవరూ ఊహించని పని. నేత బాగా పండిన చోటు గ్యాంట్సే, త్సాంగ్ ప్రాంతంలో. అక్కడి పెద్ద భూస్వామ్య కుటుంబాల ఇళ్లలో మగ్గాల శాలలుండేవి. మిగతా చోట్ల రైతుల ఇళ్లలో ఎవరికి కావలసింది వాళ్లు నేసుకునేవారు. దేశం మొత్తం మీద జనం ప్రధానంగా బార్లీ పండించేవాళ్లు, యాకుల్నీ గొర్రెల్నీ తోలుకు తిరిగేవాళ్లు. తివాచీ నేసి సంతలో అమ్మి కుటుంబాన్ని పోషించుకోవడమన్నది కొద్దిమంది సంగతి.

విదేశాలకు వెళ్లింది తివాచీ కాదు, ఊలు. జెలెప్ లా కనుమ దాటి కంచరగాడిదల మీద ఊలు బస్తాలు కలింపాంగ్‌కి దిగేవి. అక్కణ్నుంచి కలకత్తా, ఆపైన అమెరికా దాకా వెళ్లేవి. అమెరికా కంపెనీలు ఆ ఊలుతోనే తివాచీలు చేసుకునేవి. 1962 యుద్ధంతో ఆ దారి మూతపడింది.

1959 మార్చిలో లాసాలో తిరుగుబాటు జరిగింది. దలైలామా ఆ నెలాఖరుకి సరిహద్దు దాటి ఇండియాకి చేరారు. ఆయన వెనక దాదాపు 80 వేల మంది వచ్చారు. చల్లటి ఎత్తుల్లో పుట్టి పెరిగినవాళ్లని అస్సాంలోని మిస్సమారిలో వెదురు పాకల్లో, బెంగాల్‌లోని బక్సాలో పెట్టారు. ఎండ, కొత్త తిండి, కొత్త రోగాలు. తర్వాత వేలమందిని హిమాలయ రోడ్ల పనికి పంపారు. రాళ్లు కొట్టడం, కొండచరియల కింద డేరాలు. చంటిపిల్లల్ని వీపున కట్టుకున్న తల్లులు కూడా అదే పనిలో ఉండేవారు.

తివాచీ ఇక్కడ ప్రవేశిస్తుంది, ఒక ప్రశ్నకి జవాబుగా: భూమి లేదు, భాష రాదు, చదువు లేదు, రాళ్లు కొట్టే బలం లేనివాళ్లు సగంమంది, వీళ్లకి ఏ పని ఇవ్వాలి? 1959 అక్టోబరులో డార్జిలింగ్‌లో శరణార్థుల స్వయం సహాయక కేంద్రం మొదలైంది. దాన్ని నడిపించింది దలైలామా అన్నగారు గ్యాలో తొందుప్ భార్య. తొలి రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్లు నలుగురే. నేపాల్‌లో రెడ్‌క్రాస్ పని 1960లో టోనీ హాగెన్ చేతిలోకి వచ్చింది. ఆయన స్విట్జర్లాండ్ భూగర్భ శాస్త్రవేత్త, నేపాల్‌ని అడుగడుగునా నడిచి సర్వే చేసిన మనిషి. కాఠ్మాండూ పక్కన లలితపూర్‌లోని జావలాఖేల్‌లో శిబిరం వెలిసింది. పొఖరాలో, ఢోర్‌పాటన్‌లో, ఎవరెస్టు వైపు చాల్సాలో కూడా. అంత మాత్రాన శిబిరాల్లో చేరినవాళ్లందరికీ నేత తెలుసని కాదు. నేత తెలిసిన కొందరు తెలియనివాళ్లకి నేర్పారు. స్విస్ సంస్థలు డబ్బు, ఊలు, అంతకన్నా ముఖ్యంగా కొనేవాళ్లని తెచ్చాయి. 1960ల మధ్యకల్లా జ్యూరిక్‌కి సరుకు వెళ్లడం మొదలైంది. ఎగుమతి కోసం 1966లో కార్పెట్ ట్రేడింగ్ కంపెనీ పెట్టారు. వచ్చిన లాభాల్లో కొంత శిబిరంలో బడికి, వైద్యానికి వెళ్లేది.

"సంప్రదాయ జీవనోపాధి" అన్న మాటని అందుకే రెండు ముక్కలు చేసి చూడాలి. నేసే పద్ధతి సంప్రదాయమే. దాన్ని జీవనోపాధి చేసింది మాత్రం శరణార్థి శిబిరం.

ఆ పద్ధతి ఏమిటో దగ్గర్నుంచి చూడకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మన ఏలూరు తివాచీ సంగతి తీసుకోండి. అది పర్షియన్ సంప్రదాయం. మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు పోగుల జంట చుట్టూ ఊలు పోగుతో ముడి వేస్తారు, వెంటనే తెంపుతారు, పక్కకి జరుగుతారు. ఒక్కో ముడి ఒక్కో పని. టిబెట్ పద్ధతిలో మధ్యలో ఒక సన్నటి ఊచ ఉంటుంది, ఇనపదో చెక్కదో. నేసేవాళ్లు ఆ ఊచని పడుగుకి అడ్డంగా పెట్టుకుంటారు. ఊలు పోగుని పడుగు జంట వెనగ్గా తిప్పి ముందుకు లాగి ఊచ మీదుగా చుడతారు, మళ్లీ పక్క జంట, మళ్లీ ఊచ. రంగు మారేదాకా పోగు తెంపే పని లేదు. వరస నిండాక ఊచని సుత్తితో టకటకా కొట్టి కిందికి దించుతారు. ఆ తర్వాత కత్తి తీసుకుని ఊచ పొడవునా సర్రున కోస్తారు. చుట్లన్నీ ఒకేసారి తెగి బొచ్చుగా విచ్చుకుంటాయి, ఊచ ఊడి చేతిలోకొస్తుంది. వరసకీ వరసకీ మధ్య అడ్డంగా పేక పోగు. ఊచ ఎంత లావుంటే బొచ్చు అంత ఎత్తు. జావలాఖేల్‌లో ఆ శాలలోకి వెళ్తే మొదట వినపడేది ఆ సుత్తి చప్పుడే. బల్ల మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని ఉంటారు, చేతులు వాటి పాటికి అవి పోతుంటాయి, కబుర్లు కబుర్లే.

ఈ పద్ధతికి ఒక లాభం, ఒక హద్దు ఉన్నాయి. ఒకే రంగు పరుచుకున్న చోట చెయ్యి రైలులా పరిగెడుతుంది. పూలూ లతలూ సన్నగా మెలికలు తిరిగిన చోట ప్రతి రెండు చుట్లకీ పోగు మార్చాలి, అక్కడ ఏలూరు మగ్గానికీ దీనికీ తేడా ఏమీ మిగలదు. పాత ఖాదెన్‌ల మీద విశాలంగా ఖాళీ వదిలి, మధ్యలో ఒక డ్రాగనో, మంచు సింహమో, మూడు పెద్ద పతకాలో, పులిచారలో కనపడడానికి టిబెటన్ల అభిరుచి ఒక కారణమైతే ఈ ఊచ ఇంకో కారణమని నా ఉద్దేశం.

లెక్క కూడా ఒకసారి వేద్దాం. తివాచీ నాణ్యతని చదరపు అంగుళానికి ఎన్ని ముడులన్న దానితో చెప్తారు. నేపాల్ సరుకులో 60 మామూలు, 100 మేలు రకం. 3 అడుగులు బై 6 అడుగుల ఖాదెన్ అంటే 2,592 చదరపు అంగుళాలు. 60 ముడుల రకంలో 1,55,520 చుట్లు. ఒక మనిషి రోజుకి 6 వేలు వేస్తుందనుకున్నా 26 రోజులు. ఇది నేత ఒక్కటే. ఊలు కడగడం, దువ్వడం, వడకడం, రంగు వెయ్యడం, పడుగు సాగదీయడం, చివర్లో బొచ్చు కత్తిరించడం, మళ్లీ కడగడం లెక్కలోకి రాలేదు. కూలి మటుకు నేసిన కొలతని బట్టి. మగ్గం మీద లేని రోజు డబ్బు లేదు.

ఈ సరుకు యూరప్‌కి వెళ్లేసరికి మొదటి చిక్కు సైజు దగ్గర వచ్చింది. జర్మనీలో ఎవరూ తివాచీ మీద పడుకోరు. హాల్లో సోఫా ముందు పరుస్తారు. వాళ్లకి 6 బై 9, 9 బై 12 అడుగులు కావాలి. 9 బై 12, 100 ముడుల రకమైతే 15,55,200 చుట్లు, ఇందాకటి ఖాదెన్‌కి సరిగ్గా పదింతలు. ఇంట్లో మూల పెట్టుకునే మగ్గం మీద అది జరగదు. పెద్ద ఇనప మగ్గం, దాన్ని పట్టే షెడ్డు, పక్కపక్కన నలుగురైదుగురు నేతగాళ్లు, నెలల తరబడి ఊలు మీద పెట్టుబడి. తివాచీ పడక మీంచి నేల మీదికి దిగిన రోజే ఇంటి పని ఫ్యాక్టరీ పనైపోయింది. ఇది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా పెద్ద మలుపుగా కనిపిస్తుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

రెండోది రంగు. మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం, రేవల్చిన్ని పసుపు, అక్రోటు గోధుమ రంగు పాత టిబెట్ తివాచీకి ప్రాణం. 19వ శతాబ్దం చివరికే రసాయన రంగులు అక్కడికి చేరాయి కాబట్టి "అంతా ప్రకృతి రంగులే" అన్న షోరూము మాటని కాస్త అనుమానంగానే వినాలి. యూరప్ ఇళ్లకి మాత్రం ఆ గాఢత నచ్చలేదు. గోడల రంగుకి కలిసే లేత గోధుమ, బూడిద, పాలిపోయిన గులాబీ కావాలన్నారు. డ్రాగన్లు మాయమై గీతలు, గళ్లు, ఖాళీ మైదానాలు వచ్చాయి. అమెరికా డిజైనర్లు 1980ల చివర్నుంచి గ్రాఫ్ కాగితాల మీద డిజైన్లు పంపడం మొదలుపెట్టారు. పర్షియన్ తివాచీని అలా మార్చమంటే నేతగాడు ఏడ్చేవాడేమో. ఇక్కడ ఊచకి అది కలిసొచ్చింది, ఖాళీ ఎంతుంటే అంత వేగం. పాత పద్ధతీ కొత్త బజారూ ఇలా ఒకదానికొకటి అతికాయి.

ఊలు కూడా మారింది. టిబెట్ పీఠభూమి గొర్రె ఊలుకి పోగు పొడవు, జిడ్డు ఎక్కువ, నొక్కితే మళ్లీ లేస్తుంది. అది చాలక, ధర గిట్టక, న్యూజీలాండ్ ఊలు తెప్పించి కలపడం మామూలైంది.

1970లు, 80లు మంచి రోజులు. 1990ల మొదట్లో నేపాల్ ఇండియా కాకుండా మిగతా దేశాలకి చేసే ఎగుమతుల్లో తివాచీలదే దాదాపు సగం వాటా. కొన్నదాంట్లో సింహభాగం జర్మనీది. శిబిరాల్లో మొదలైన పని కాఠ్మాండూ లోయంతా పాకింది. టిబెటన్లే కాదు, నేపాలీ వ్యాపారులూ వందల ఫ్యాక్టరీలు పెట్టారు. అన్ని మగ్గాలకి సరిపడా టిబెటన్లు ఎక్కడున్నారు? 2009లో టిబెట్ ప్రవాస ప్రభుత్వం లెక్క తీస్తే నేపాల్‌లో తేలింది 13,514 మంది, పిల్లలూ ముసలివాళ్లూ కలిపి. అంచేత మగ్గాల మీదికి వచ్చింది కాఠ్మాండూ చుట్టూ కొండల్లోని పేద కుటుంబాలవాళ్లు, ముఖ్యంగా తమాంగ్ తెగవాళ్లు. కూలీల్ని తెచ్చే ఠేకేదారు ఊళ్లోకి వెళ్లి తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పెట్టి పిల్లల్ని తీసుకొచ్చేవాడు. అడ్వాన్సు తీరేదాకా మగ్గం వదిలి కదలడానికి లేదు. ఇటుక బట్టీలకి మనవాళ్ల వలస కథలు తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1994లో జర్మన్ టీవీ నేపాల్ ఫ్యాక్టరీల్లో మగ్గాల ముందు కూర్చున్న పిల్లల్ని చూపించింది. ఆర్డర్లు పడిపోయాయి. అదే సమయంలో అజో అనే రకం హానికరమైన రసాయన రంగుల మీద జర్మనీ నిషేధం తెచ్చింది. బాలకార్మికులు లేరని హామీ ఇచ్చే రగ్‌మార్క్ ముద్ర ఇండియాలో 1994లో కైలాష్ సత్యార్థి చొరవతో మొదలై తర్వాత నేపాల్‌కీ వెళ్లింది. 2009 నుంచి దాని పేరు గుడ్‌వీవ్. ముద్ర వచ్చింది, మంచిదే. కానీ అప్పటికే పోయిన ఆర్డర్లు చాలావరకు తిరిగి రాలేదు. చిన్న ఫ్యాక్టరీలు తలుపులేసుకున్నాయి. కాఠ్మాండూ జనానికి ఇంకో తలనొప్పి ఉండేది. ఊలు కడిగిన నీళ్లు, రంగు నీళ్లు నేరుగా బాగ్మతిలోకి, విష్ణుమతిలోకి పోయేవి. పశుపతినాథ్ గుడి ముందు పారేది ఆ బాగ్మతే.

నిజానికి టిబెటన్ల పిల్లలు అప్పటికే మగ్గం దిగిపోతున్నారు. దీన్ని మన దగ్గర "కళ అంతరించిపోతోంది" అని వాపోతూ రాస్తారు. ఆ వాపోవడంతో నాకు పేచీ ఉంది. తల్లి మగ్గం మీద కూర్చున్నదే పిల్లని బడికి పంపడానికి. జావలాఖేల్ తివాచీ డబ్బు కొంత వెళ్లింది ఆ బడికే. చదువుకున్న పిల్ల నర్సయింది, టీచరైంది, కెనడా వెళ్లింది. 1990 నాటి చట్టం కింద అమెరికా వెయ్యిమంది టిబెటన్లకి వీసాలిచ్చింది. అలా వెళ్లినవాళ్లు తర్వాత కుటుంబాల్ని పిలిపించుకున్నారు. నెలకోసారి అక్కణ్నుంచి వచ్చే డాలర్ల ముందు 26 రోజుల ఖాదెన్ కూలి ఏ మూలకి? వెళ్లలేనివాళ్లకి స్వెట్టర్ల వ్యాపారం ఉంది. 3 నెలలు చలికాలం రోడ్డు మీద నిలబడితే, గిరాకీ బాగుంటే, ఏడాది గడిచిపోతుంది. మగ్గం మానేసినవాళ్లు తెలివితక్కువ పని ఏమీ చెయ్యలేదు.

అలాగని అందరికీ అన్ని దారులూ తెరిచి లేవు, ఇక్కడ కాగితాల గొడవ ఒకటుంది. ఇండియాలో టిబెటన్‌కి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని మళ్లీ మళ్లీ రెన్యువల్ చేయించుకోవాలి. పాస్‌పోర్టు బదులు పసుపు అట్ట పుస్తకం. 1950 జనవరి 26కీ 1987 జులై 1కీ మధ్య ఇండియాలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే భారత పౌరులని ఢిల్లీ హైకోర్టు 2010లో చెప్పింది. అయినా శరణార్థిగా మిగిలిపోవడమే తమ దేశం మీద హక్కు నిలుపుకోవడమని పౌరసత్వం తీసుకోనివాళ్లు చాలామంది. నేపాల్‌లో పరిస్థితి ఇంకా ఇరుకు. 1989 తర్వాత వచ్చినవాళ్లని అక్కడ ఉండనివ్వడం లేదు, ఇండియాకి సాగనంపడమే. ముందొచ్చినవాళ్ల పిల్లల్లో శరణార్థి కార్డు లేనివాళ్లు ఎందరో. కార్డు లేకపోతే సొంత పేరు మీద వ్యాపారం లేదు, బ్యాంకు ఖాతా తెరవడం కష్టం, ఆస్తి ఊసే లేదు. తివాచీల్లో డబ్బు చేసుకున్న టిబెటన్లు ఎవరంటే ముందే ఏదో రకంగా పౌరసత్వం కాగితాలు చేయించుకున్నవాళ్లు. కాగితం లేనివాడు ఎంత బాగా నేసినా నేతగాడే, యజమాని కాలేడు.

ఇండియా శిబిరాల కథ నేపాల్‌లా సాగలేదు, ఎందుకంటే ఇక్కడ భూమి ఇచ్చారు. బైలకుప్పె, ముండగోడు, హుణసూరు, కొళ్లేగాల, అన్నీ కర్ణాటకవే. అడవి కొట్టి మొక్కజొన్న వేసుకున్నారు. తివాచీ కేంద్రం ప్రతిచోటా ఉన్నా అది సేద్యానికి తోడే తప్ప ప్రధానం కాలేదు. ధర్మశాల, డార్జిలింగ్ లాంటి టూరిస్టులు వచ్చే చోట్ల మాత్రం మగ్గం చప్పుడు ఎక్కువ వినిపించింది. మనకి బాగా దగ్గరున్నది ఒడిశా గజపతి జిల్లాలోని చంద్రగిరి, 1963లో వెలసిన ఫుంట్సోక్‌లింగ్ కాలనీ. శ్రీకాకుళం సరిహద్దు అవతలే. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన జీరంగ మఠం చూడ్డానికి ఉత్తరాంధ్ర నుంచి ఆదివారాలు కార్లు కట్టుకుని వెళ్తారు. మఠం ముందు సెల్ఫీలు దిగి, మోమోలు తిని వచ్చేస్తారు.

ఇక పేరు సంగతి. ఉత్తరప్రదేశ్‌లోని భదోహీ, మీర్జాపూర్ వైపు కొన్నాళ్లుగా "ఇండో-టిబెటన్" అనే రకం తయారవుతోంది. నేసేవాళ్లు అక్కడి స్థానికులు. ఊచ పద్ధతి నేర్చుకున్నారు, మగ్గం మార్చుకున్నారు, నేపాల్ కన్నా చౌకగా ఇస్తున్నారు. దీన్ని మోసం అనలేం. ఏలూరు తివాచీ నేసేవాళ్లు ఇప్పుడు పర్షియన్లా? పని చేతులు మారుతూనే వచ్చింది. కాకపోతే "టిబెటన్ తివాచీ కొంటే శరణార్థికి సాయం" అన్న అమ్మకం మాట ఆ సరుకుకి అతకదు. టిబెటన్ చేతికి డబ్బు చేరాలనుకునేవాళ్లు జావలాఖేల్ కేంద్రంలోనో, డార్జిలింగ్‌లోనో, ధర్మశాలలోనో, మగ్గం కళ్లెదుట ఉన్నచోట కొనుక్కోవాలి. అక్కడా మగ్గం మీద కనిపించేవాళ్లు ఎక్కువగా నడివయసు దాటినవాళ్లే.

కొనేటప్పుడు ఒక్క పని చెయ్యండి. తివాచీని నిలువునా వెలుతురుకి వాల్చి, బొచ్చుకి ఎదురు అరచెయ్యి నిమరండి. ఊచ కోసిన ప్రతి చోటా అడ్డంగా సన్నటి గట్లు తగులుతాయి, దున్నిన చేలో చాళ్లలాగా. ఎగుమతి ఫ్యాక్టరీల్లో పెద్ద కత్తెరలతో ఆ గట్లు కనపడకుండా చదును చేస్తారు, అవి నేతలో లోపమని కొనేవాళ్లు వెనక్కి పంపేస్తున్నారని.